ఎడమవైపు వెనక చక్రం

పటమట, విజయవాడ
13-11-1976, శనివారం

పూజ్యులైన బాలశౌరి అన్నయ్యకు చెల్లెలు అమలమ్మ నమస్కారాలు.

ముందుగా నా చేతిరాతని క్షమించు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఎక్కడ ఏ వత్తు పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులు చూసి నువ్వూ వదినా నవ్వుకోకండి. మేమిక్కడ అందరం క్షేమం, నువ్వు అమ్మిన వ్యాను తప్ప.

కోపం వచ్చిందా? రానీ. నాకు మూడు నెలలుగా వస్తోంది. ఎవరి మీద చూపించాలో తెలియక బియ్యంలో రాళ్ల మీద చూపిస్తున్నాను.

ఆగస్టులో నువ్వు గన్నవరం నుంచి బండి తోలుకొచ్చి మా గుమ్మంలో ఆపిన రోజు నేను నేల మీద లేను. మూడు వరసల సీట్లు, పక్కన తలుపు. ఆదివారం ఇంటిల్లిపాదీ గుడికి వెళ్లొచ్చు, మిగతా రోజులు పెళ్లిళ్లకి కిరాయికి తిప్పుకోవచ్చు. ఇంజను సంగతి నాకొదిలెయ్యి బావా, అయిదేళ్లు మూత తీయక్కర్లేదు అన్నావు. నీ మాట నిజమే, ఇంజనుకి ఏమీ కాలేదు. జబ్బంతా బ్రేకుకి. అదీ ఒక్క చక్రానికి, ఎడమవైపు వెనకదానికి.

మా వీధి చివర షెడ్డులో పోతురాజు మేస్త్రి చూస్తున్నాడు. మొదటిసారి లైనింగులు పోయాయన్నాడు. మార్చాం. రెండోసారి ఇరుసు నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు అన్నాడు. అదీ మార్చాం. మళ్లీ లైనింగులన్నాడు. వచ్చిన కిరాయి వచ్చినట్టే షెడ్డుకి పోతోంది. ఏమైందండీ అని మీ బావగారిని అడిగితే, నీకు చెప్పినా తెలియదులే, అన్నం పెట్టు అంటారు. తెలియకపోవడానికి అదేమైనా ఫాదర్ గారి లాటిన్ పూజా? మొన్న బుధవారం ఆయనకి అన్నం కేరియర్ తీసుకుని నేనే షెడ్డుకి వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. అయినా స్తంభం చాటున నిలబడి అంతా చూశాను.

చక్రం లోపల ఇనప డ్రమ్ము ఒకటి ఉంటుంది. బ్రేకు తొక్కితే దాన్ని లోపలినుంచి ఒత్తి పట్టుకునే పట్టీలే లైనింగులు. వాటికి జిడ్డు తగిలిందా, ఇక పట్టు ఉండదు, జారిపోతాయి. మేస్త్రి విప్పినప్పుడల్లా అవి జిడ్డోడుతూనే ఉన్నాయట. సీలు కొత్తది వేశాక కూడా నూనె ఎక్కణ్ణుంచి వస్తోంది బాబూ అని మీ బావగారు అరిస్తే, ఇరుసే అరిగిపోయుంటుందండీ, నన్నడిగితే నేనేం చెప్తాను, అమ్మినాయన్ని అడగండి అన్నాడు. ఆ డ్రమ్ముకి వేలు దూరేంత చిల్లు కూడా చూశాను. బ్రేకు బిగించడానికట. దాని మీద ఉండాల్సిన రబ్బరు మూత ఎప్పుడో పడిపోయిందన్నాడు, పెద్ద విషయం కాదన్నట్టు.

ఇరుసు మార్చాలంటే నా మెడలో గొలుసు తాకట్టు పెట్టినా చాలదు. ఆ రోజు నుంచి ఇంట్లో నీ పేరే. మీ అన్న మాగిన అరటిపండుకి కొత్త తొక్క తొడిగి అమ్మాడు అంటారు. గుడి నుంచి వచ్చేటప్పటికి బ్రేకు జారిపోతుంది కనక, మీ అన్న బండి మహా భక్తి గలది, ఆదివారం పని చెయ్యదు అంటారు. నవ్వొచ్చే మాటే గానీ నవ్వలేకపోతున్నాను. ఆ పాత లైనింగు ముక్కని నీకు చూపించాలని కాగితంలో చుట్టి దాచారు. నిన్న దాన్ని విప్పి చూశాను. ఎందుకో నా జడ వాసనే వేసింది. తల దువ్వుకున్న చేతులు కదా అనుకున్నాను.

అసలు మాట ఇప్పుడు రాస్తాను. ఇరుసు డబ్బు నువ్వు ఇవ్వకపోతే నన్ను పురిటికి నీ ఇంటికి పంపరట. ఇక్కడే ఆసుపత్రిలో చేర్పిస్తాను, మీ వాళ్లెవరూ నా గడప తొక్కక్కర్లేదు అన్నారు. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వూ వదినే. బండి సంగతి తెలిసే అమ్మావా అన్నయ్యా? తెలియకుండా అమ్మావా? ఏదైనా సరే నాకు నిజం రాయి. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

అత్తయ్యగారు మాత్రం నిన్ను ఒక్క మాటా అనలేదు. బావకి బావమరిది చెడు చేస్తాడా, దేవుడే చూసుకుంటాడులే అమ్మాయ్ అంటున్నారు. వదినకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నీ చెల్లెలు
అమలమ్మ

తా.క. ఆదివారం. ఈ ఉత్తరం రేపు పోస్టులో వేద్దామనుకున్నాను. ఇప్పుడు చేపల ఆదెమ్మ మీ ఊరు వస్తుంటే ఆమె చేతికే ఇస్తున్నాను.

పొద్దున్నే కుళాయికి వెళ్తుంటే అత్తయ్యగారు బండి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో ఫాదర్ గారు దీవించిన కొబ్బరినూనె గిన్నె. తాను ఎక్కే తలుపు దగ్గరి చక్రం అదే కదా. దాని మీద వేలితో సిలువ గుర్తు వేసి, మిగిలిన నూనె ఆ చిల్లు ఉన్నచోటే వంపారు. ఈ చక్రం ఆగాల్సిన చోట ఆగాలి తండ్రీ, నా కొడుకు ఇశ్రాయేలుకీ కోడలికీ కడుపులో బిడ్డకీ ఏమీ కాకూడదు అంటున్నారు. మామయ్యగారు హనుమాన్ జంక్షన్లో లారీ కింద పడి పోయారని నీకు తెలుసు. ఆ లారీకి బ్రేకు పడి ఉంటే అని ఆవిడ అనని రోజు లేదు.

నా చేతిలో బిందె జారిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి, ప్రతి ఆదివారం దీనికి పోస్తున్నాను, నీకూ మంచిదేనమ్మా అని గిన్నె అడుగున ఉన్న చుక్క నా నుదుటికి రాశారు.

ఎలా చెప్పను అన్నయ్యా? మీ బావగారికి చెబితే గుండెలో దాచుకునే మనిషి కాదు, అరుస్తారు. కొడుకు బతకాలని తాను పోసిన నూనే బ్రేకు తీసేసిందని తెలిస్తే ఆవిడ మళ్లీ నోరారా ప్రార్థన చేసుకోగలరా? కళ్లు తిరుగుతున్నాయి, బండెక్కితే వాంతి వస్తుందని అబద్ధమాడి అందరినీ పూజకి నడిపించాను.

మంగళవారం హనుమాన్ జంక్షన్‌కి పెళ్లి కిరాయి ఉంది. నువ్వు రేపు సాయంత్రంలోగా రా. పోతురాజు చేత డ్రమ్ము తుడిపించి, లైనింగులు మార్పించి, ఆ చిల్లుకి రబ్బరు మూత గట్టిగా బిగించు. ఇరుసు మార్చక్కర్లేదు. జిడ్డు ఆ చిల్లులోంచే పోతోందని, మూత నీ దగ్గరున్నప్పుడే పడిపోయిందని, నువ్వు చూసుకోలేదని మీ బావగారి ముందు ఒప్పుకో. నాలుగు మాటలంటారు, పడు. నా కోసం పడు. మూత ఉంటే అత్తయ్యగారు ఎంత నూనె పోసుకున్నా బయటికే కారిపోతుంది. నువ్వు రాకపోతే మాత్రం రేపు రాత్రికి నేనే నోరు విప్పుతాను. ఎవరి మనసు ఏమైనా సరే, ఆ బండిని పెళ్లివాళ్లతో రోడ్డెక్కనివ్వను.

పైన నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, కొట్టేసి మళ్లీ రాసే తీరిక లేదు. చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు. వదినకి కూడా చూపించకు. పూర్తిగా కాలిందో లేదో చూసి మరీ బయలుదేరు.