తలుపు అవతలి గొంతు

చిరంజీవి తమ్ముడికి,
అక్క దీవించి రాస్తున్నది. నా రాత కుదరదు, కూడబలుక్కుని చదువుకో. నా కడుపున పుట్టిన ఆ పిడుగు పోయాక ఇల్లు నోరు మూసుకుంది. మీ బావ పలకడు, నా కుట్టుమిషను పలకదు. నువ్వు పెదవి కదపకుండా చెక్కబొమ్మ చేత ఊరందరినీ తిట్టిస్తావు కదా. నన్ను ఆటపట్టించడానికి దాని గొంతు కూడా పట్టేవాడివి. ఒక్కసారి వచ్చి ఆ గొంతుతో నన్ను పిలువు. అంతే.
మీ అక్క

ప్రియమైన అక్కా,
బొమ్మ మాట్లాడదని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. తెలిసే నవ్వుతారు. అందుకే నాకు నిద్ర పడుతుంది. పోయిన పిల్లను పలికిస్తే అది ఆట కాదక్కా, దొంగతనం. నన్నడగకు.
నీ తమ్ముడు

తమ్ముడూ,
దొంగతనం ఎలా అవుతుందిరా? పిల్ల నాది, అడిగేది నేను. నువ్వని తెలిసే వింటాను. దాని గదిలో నువ్వుండు, తలుపు మూసి ఇవతల నేను కూర్చుంటాను. మీ బావ కొట్లో ఉండే వేళ రా. రాకపోతే నాకు తమ్ముడు లేడనుకుంటాను.
అక్క

అక్కా,
మీ ఇంటినుంచి తిరిగి ఇల్లు చేరాను. పిల్ల గొంతుతో "అమ్మా, జడ వెయ్యవా" అన్నాక నువ్వు తలుపుకి చెయ్యి ఆనించిన చప్పుడు వినపడింది. ఇక రెండో మాట నా నోట రాలేదు. కిటికీలోంచి చూస్తే బావ పెరట్లో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడక్కా. ఆయన టిక్కెట్టు కొన్నవాడు కాదు. ఉన్నమాట చెప్పెయ్యి.
నీ తమ్ముడు

తమ్ముడికి,
మీ బావకి ఒట్టేసి చెప్పాను, తమ్ముడి పనే, నేనే అడిగాను అని. కోప్పడతాడనుకున్నా. నవ్వాడు. "పిచ్చిదానా, మీవాడు అన్నది ఒక్క మాటేగా. వాడు వెళ్ళాక, సైకిలుకి గాలి కొట్టించావా నాన్నా అని లోపలినుంచి అడిగిందెవరే?"

రోజూ పొద్దుగూకే వేళకి ఆ తలుపు దగ్గర కుర్చీ వేసుకుంటాడు. ఏదో అడుగుతాడు, ఆగుతాడు, తలూపుతాడు. మళ్ళీ కడుపునిండా తింటున్నాడు.

నేనూ పక్కన కూర్చున్నాను. నాకేమీ వినపడదు. పోనీ మనసులో తలుచుకుందామంటే, "అమ్మా" అన్నప్పుడల్లా నీ గొంతే వస్తోందిరా. పిల్లది రావడం లేదు. తెలియక విన్న మనిషికి బిడ్డ దొరికింది. తెలిసి అడిగిన నేను ఉన్న కాస్తా పోగొట్టుకున్నాను.

నువ్వు మోసగాడివి కాదు. నీ ఆట నువ్వు ఆడుకో. ఇంటికి కూడా రా, ఎప్పటిలాగే రా. కానీ కొన్నాళ్ళు నా ఎదుట నోరు విప్పకు నాయనా.
అక్క