చందలె అడిగిన మాట

జూన్ 11
చందలె వేషం నాకే. దర్శకురాలు జెసింతా పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది.

ఉడుపి వైపు ఈ యక్షగానం చూడనివాళ్ళు లేరు. కోటరస యుద్ధం నుంచి తిరిగొస్తాడు. భార్య చందలె మీద ఎవరో చాడీ చెబితే విషం గిన్నె చేతికిస్తాడు. మంచిదానివైతే బతుకుతావు, తాగమంటాడు. తాగి చచ్చిపోతుంది. ఆమె తప్పేమీ లేదని తర్వాత తెలుస్తుంది. ఇక తెల్లారేదాకా అతను ఏడుస్తాడు. జనం వచ్చేది ఆ ఏడుపు కోసమే.

ఆ ఆటనే పాటతో సహా తీస్తున్న మా సినిమాలో ఆ ఏడుపు లేదు. కథంతా చందలె వైపు నుంచి. ఆమె పోవడంతో సినిమా అయిపోతుంది. కోటరస మాత్రం ఎప్పటిలాగే అనంతయ్య హొళ్ళగారు. వానాకాలం యక్షగాన మేళాలకు సెలవు కాబట్టి దొరికారు.

అప్పయ్యకు, అదే నాన్నకు, చెప్పాను. గంజిలో ఊరగాయ నంజుకుంటూ ఊఁ అన్నారు.

జూన్ 12
అప్పయ్య ఏళ్ళ తరబడి హొళ్ళగారి పక్కన చందలె వేశారు. మా మేళాల్లో ఆడవేషాలూ మగవాళ్ళవే. పాటను మార్చకూడదు. మాటలు మాత్రం వేషధారి అప్పటికప్పుడు సొంతంగా చెప్పుకోవాలి. విషం తాగే చోట పాటలో ఉన్నది ఇంతే: గిన్నె అందుకుంది, ఒక మాట అడిగింది, తాగింది. ఏం అడిగిందో లేదు.

మీరేం అడిగేవారు అన్నాను. ఆశీర్వదించండి స్వామీ అనేవాణ్ణి అన్నారు. ఒకసారి మాత్రం, చాడీ చెప్పినవాణ్ణి పిలిపించండి అన్నారట. జనం ఈలలు వేశారట. మరుసటి ఏడు ఆయనకు వేషం లేదు. అదేదో వాన పడింది అన్నంత మామూలుగా చెప్పారు. నాకే ఒళ్ళు మండింది.

జూన్ 17
రిహార్సల్. నాకు స్క్రిప్ట్‌లో రెండు పేజీల మాటలున్నాయి. హొళ్ళగారు అసలు స్క్రిప్టే చదవలేదు. రాసిచ్చింది అప్పజెప్పడానికి నేనేమన్నా బళ్ళో పిల్లాణ్ణా అన్నారు. ధర్మం, పాతివ్రత్యం, నిప్పు, నీళ్ళు, అన్నీ ఎత్తుకుని నా రెండు పేజీలకూ నేను నోరు తెరవకముందే జవాబు చెప్పేశారు. యూనిట్ అంతా చప్పట్లు.

ఏమ్మా, నాలుక ఇంట్లో మర్చిపోయొచ్చావా, మీ నాన్నా ఇంతే, ఏడవమంటే మాత్రం బాగా ఏడ్చేవాడు, అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో! నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

జెసింతా పక్కకు పిలిచింది. నువ్వు ఆయన్ని ఆపలేకపోతే సీన్ ఆయనదే, సీన్ ఆయనదైతే సినిమా కూడా ఆయనదే, ఎడిటింగ్‌లో నేనేం పీకలేను అంది. నిజమే.

జూన్ 18
వాన. ఏమీ తట్టలేదు.

జూన్ 19
అప్పయ్య అడక్కుండానే ఒక సలహా ఇచ్చారు. ధర్మం జోలికి పోకు తల్లీ, అది ఆయనకు కొట్టినపిండి. ఇంటి సంగతేదైనా అడుగు. ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు?

జూన్ 20
విషం సీన్ షూటింగ్ అయిపోయింది. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

హొళ్ళగారు మొన్నటికంటే బాగా చెప్పారు. నాకే ఒక క్షణం ఆయన మాట సబబేననిపించింది. నీ మనసు శుద్ధమైతే విషం నిన్నేం చేస్తుంది, బతికి చూపించు, అని గిన్నె అందించారు. పాట పాడే భాగవతర్ అందుకున్నారు. ఒక మాట అడిగింది, అనే చోట ఆపి నావైపు చూశారు.

నేను అనుకుని వెళ్ళింది వేరు. గిన్నె చేతిలోకి రాగానే అదంతా పోయింది. బతికితే, మళ్ళీ మీతోనే కాపురం చెయ్యాలా? అని అడిగాను.

చెండె డోలు వాయించేవాడి చేతులు ఆగిపోయాయి. హొళ్ళగారు చెయ్యి చాచి గిన్నె వెనక్కి తీసుకున్నారు. పాట తప్పారు! ఎంత జ్వరంలో ఆడినా పాట తప్పని మనిషి. జెసింతా కట్ చెప్పలేదు.

పోనీలే చందలె, లోపలికి పద, అన్నం పెట్టు, అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు.

నాకు నిజంగా భయం వేసింది. లోపలికెళ్ళి వడ్డించాలి. పక్కన పడుకోవాలి. ఇంకో యుద్ధం, ఇంకెవరిదో చాడీ, ఇంకో గిన్నె. ఆయన చేతిలోంచి లాక్కుని గడగడా తాగేశాను. గిన్నెలో ఉన్నది పునర్పులి పండు షర్బతే. అయినా గొంతు మండింది.

భాగవతర్ చివరి ముక్క పాడారు. తాగింది.

సాయంత్రం
ఒకే టేక్. రెండోది అక్కర్లేదంది జెసింతా. హొళ్ళగారు కిరీటం కూడా తియ్యకుండా మెట్ల మీద కూర్చుండిపోయారు. భోజనానికి పిలిస్తే రాలేదు. అప్పయ్యకు జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

డిసెంబర్ 3
మేళాలు మళ్ళీ మొదలయ్యాయి. నిన్న కుందాపురలో ఇదే ఆట. పొద్దున్న హొళ్ళగారు అప్పయ్యకు ఫోన్ చేశారు. ఇన్నేళ్ళలో ఇదే మొదలు. చందలె పడిపోయిందట, జనం ఎదురుచూస్తున్నారట.

ఏడవడానికి సిగ్గేసిందిరా, అన్నారట.