నిండుగా ఉన్న నోటీసు

మంగళవారం, చివ్వెంల

వాటర్ ట్యాంకు కడగడానికి ఘాటు మందు పోశారు. పంచాయతీ కార్యదర్శిగా నేను ఒకే ముక్క రాశాను: "రెండు రోజులు నల్లా నీళ్లు తాగొద్దు."

సర్పంచికి ఆనలేదు. "గింతేనా? నా పేరేది? నోటీసంటే జర నిండుగ ఉండాలె."

ఆయన నిండుదనం పదకొండు లైన్లు. ప్రజాసేవ, అహర్నిశలు, దూరదృష్టి. రెండుసార్లు కొట్టేశాను, రెండుసార్లూ మళ్లీ పెట్టించాడు. నీళ్ల మాట అట్టడుగుకు పోయింది. ఈ మనిషికి నోటీసు కూడా అద్దమే.

సాయంత్రం వీధి నల్లా దగ్గర, అంటించిన ఆ నోటీసు పక్కనే లచ్చమ్మ బిందె నింపుకుంటోంది. చదవలేదా అని అడిగాను.

"సగం దాకా సదివిన సారూ. సర్పంచి మస్తు కష్టపడుతున్నడట గదా!"

బిందె పారబోయించాను. అంతకుముందు ఎందరు తాగారో తెలియదు. ఆ పొగడ్తల కింద సంతకం మాత్రం నాదే.