మల్లెల్ని పాడుచేసిన నూనె

జూన్ 10, మంగళవారం

పిల్లమ్మకు మల్లెపూలు పడకుండా చేశాం. చేయమన్నది అనంతకుమార్ సారు. చేసింది నేను.

హోసూరులో ఆయనకు అరోమాథెరపీ సెంటర్ ఉంది. అందులో నాది పని. ఆస్పత్రిలో కీమో ఎక్కించుకునే ఆడవాళ్ల దిండు పక్కన వాసన నూనె చుక్క వేసిన దూది పెట్టాలి. ట్రీట్‌మెంట్ అయిపోయాక వాళ్ల ఇళ్లకు వెళ్లి, చేతులకు మసాజ్ చేసి, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో అడిగి రాసుకోవాలి.

పిల్లమ్మకు కీమో ముగిసి మూడు నెలలు. ఈ రోజు కృష్ణగిరి వెళ్లాను. బస్టాండు దగ్గర ఆమె పూలంగడిలో కోడలు సహన కూర్చుని ఉంది. అత్త యాడ అంటే వెనక సందు చూపించింది. పిల్లమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని కనకాంబరాలు కడుతోంది. వాసన లేని పువ్వు కదా.

మల్లెల బుట్ట విప్పితే చాలు, వాంతి వస్తోందంట. ముప్పై ఏళ్లు మల్లెలు కట్టిన మనిషి. లోపల గడ్డ మళ్లీ మొలిసిందమ్మా, స్కాన్‌లో ఏమీ లేదని డాక్టరమ్మ నాకాడ దాస్తా ఉంది, అంది. కోడలికి వినపడకుండా అంది.

తిరుగు బస్సులో శూలగిరి దాటింది కూడా తెలియలేదు.

జూన్ 11

నేను ఈ పని యూట్యూబ్‌లో నేర్చుకున్నాను. పాత పుస్తకం ఒకటి కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. మొట్టమొదట తెలుసుకున్నది ఇదే: కీమో రోజు మనిషికి ఇష్టమైన వాసన దగ్గరికి తేకూడదు. మందు తెచ్చే వికారం ఆ వాసనకు అంటుకుంటుంది. మందు ఆగిపోయినా వాసన తగిలితే కడుపు తిప్పుతుంది. ఆ రోజు వాడితే ముందెన్నడూ తెలియని వాసనే వాడాలి.

మా ఫారంలో మొదటి ప్రశ్న: మీకు బాగా ఇష్టమైన వాసన ఏది? పూలు పండించే ఊళ్ల వాళ్లు. మల్లె అంటారు, రోజా అంటారు. సారు దాన్నే కీమో రోజు వాడమన్నాడు. పేషెంటు సంతోషపడతాదంట.

ఒకసారి అడ్డం చెప్పాను. ఏం వినుతా, యూట్యూబ్‌లో డాక్టరు పట్టా కూడా ఇస్తా ఉండారా, అన్నాడు. నాతో పనిచేసే కలైవాణి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆరు కీమోలకు ఆరుసార్లు పిల్లమ్మ దిండు పక్కన మల్లె దూది పెట్టాను.

జూన్ 12

అన్నం తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

జూన్ 14

పిల్లమ్మ వాంతుల సంగతి సారుకు చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. అది హీలింగమ్మా, టాక్సిన్ పోతా ఉంది, అన్నాడు. కాదు సార్, మన తప్పు, అన్నాను. అప్పుడు తల ఎత్తాడు. ఆ మాట ఆస్పత్రి వాళ్ల చెవిన పడితే సెంటర్‌కు బీగమే, నీకు ఇంకో పని యాడ దొరుకుతాది, అన్నాడు.

ఇంకో పది రోజుల్లో బర్గూరు ఆడవాళ్ల కొత్త బ్యాచ్. అదే ఫారం. జెరాక్స్ నాతోనే తీయించాడు. తీశాను. కాగితాలు గోరువెచ్చగా ఉన్నాయి. అంతే తెలిసింది.

జూన్ 17

పిల్లమ్మకు నేనే చెప్పేశాను. ఇది జబ్బు తిరిగి వచ్చినందుకు కాదమ్మా, మేము పెట్టిన దూది వల్ల అయ్యుంటుంది, వాంతుల సంగతి డాక్టరమ్మకు చెప్పు, అన్నాను.

ఆమె నా చెంప తట్టింది. నువ్వు మంచిదానివమ్మా, నాకు ధైర్యం చెప్పేదానికి తప్పు నీ నెత్తిన వేసుకుంటా ఉండావు, అంది. మీ సారు వచ్చి చెప్పల్ల, అంత పెద్దమనిషి ఊరికే తప్పు ఒప్పుకోడు కదా, ఆయన చెప్తే నమ్ముతా, అంది.

శనివారం అంగడి చోటు పక్కంగడి రాజప్పకు ఇచ్చేస్తుందంట. ఇంక చేపలంగడి పెట్టుకుంటే సరి, ఆ కంపు నాకు ఇప్పుడు బాగానే ఉంది, అని నవ్వింది. స్కాన్‌కు ఇక వెళ్లదంట. సచ్చేదానికి ఫోటోలు ఎందుకమ్మా, అంది. అప్పుడు కూడా నవ్వుతూనే ఉంది.

జూన్ 18

కోపం రావాలి. రావడం లేదు. చేతులు నాలుగుసార్లు కడిగాను.

జూన్ 19, గురువారం, ఉదయం 9.40

సారు బల్ల మీద పెట్టిన కాగితానికి నకలు:

అనంతకుమార్ సార్, శనివారం లోపల పిల్లమ్మ అంగడికి రండి. ఆమెకు మీ నోటితో చెప్పండి: మల్లె నూనె వాడమన్నది నేను, తప్పు నాది అని. బర్గూరు ఫారాలు నా దగ్గర ఉన్నాయి. ఆ మొదటి ప్రశ్న కొట్టేసేదాకా ఇవ్వను. మీరు రాకపోతే నేను దూది పెట్టిన ఆరు తేదీలూ రాసి, కింద సంతకం చేసి, డాక్టరమ్మ చేతికి ఇస్తాను. వస్తారో రారో రేపు, శుక్రవారం, సాయంత్రం ఐదు లోపల చెప్పండి.