మెట్ల మీద కాసేపు

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు ప్రేమతో రాసేది. ఇక్కడ అమ్మ, చిట్టి, మీ మరిది బాగున్నారు. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, మొదటి వరుస దగ్గరే ఆగిపోవడం, ఇలాగే గడిచిపోయింది. కోప్పడకు.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నయమే. మెట్లెక్కేటప్పుడు మాత్రం మెట్లు కట్టినవాణ్ణి తిడుతూనే ఎక్కుతుంది. చిట్టికి ముందు పళ్లు ఊడాయి. ఇప్పుడు అది ఏం మాట్లాడినా ఈల వేసినట్టుంటుంది. మీ మరిది సంగతి తెలిసిందే, వీధిలో అందరి కుర్చీలూ బాగుచేస్తాడు, మా ఇంట్లో కుర్చీ మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది. వడ్రంగిని కట్టుకుంటే ఇంట్లో సామాను గట్టిగా ఉంటుందనుకున్నాను. నా పిచ్చి గానీ.

ఎవరో బస్సు మలుపు తిప్పుతుంటే నాన్న గుర్తొచ్చాడని రాశావు. నాకూ ఈ మధ్య ఎప్పుడూ ఆయనే కళ్లముందు మెదులుతున్నాడు. బస్సు నడిపి డ్యూటీ దిగి వచ్చాక నేరుగా లోపలికి వచ్చేవాడు కాదు, గుర్తుందా? బయట కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, బూట్లు పక్కన పెట్టి, మెట్ల మీద కూర్చునేవాడు. ఎదురింటి కప్పు మీద పిచ్చుకలనో, పోయే వచ్చే జనాన్నో ఊరికే చూస్తూ ఉండేవాడు. మనిద్దరం తలుపు వెనకాల ఒకరి మీద ఒకరం పడుతూ తొంగి చూసేవాళ్లం. ఆయన లేచి, "ఇప్పుడొచ్చానర్రా" అనేదాకా గడప దాటకూడదని అమ్మ ఆజ్ఞ. ఆ మాట వినపడగానే నువ్వు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్లం.

భోజనాల దగ్గర ఆ రోజు నవ్వొచ్చిన సంగతి ఒకటి ప్రతివాళ్లూ చెప్పాలి. నాన్నవన్నీ బస్సులో సంగతులే. ఎవరో పెద్ద నిలువుటద్దం పట్టుకుని బస్సెక్కితే, దిగేదాకా జనమంతా అందులో చూసుకుంటూ తల దువ్వుకున్నారని చెప్పినరోజు నాకు పొలమారింది. నువ్వు మాత్రం అన్నీ కల్పించి చెప్పేదానివి. నేను పట్టేసి గోల చేస్తే నాన్న, "అబద్ధమైతేనేం, నవ్వొచ్చిందా లేదా?" అనేవాడు. తిన్నాక గడియారాల దుకాణం దాకా నడక. తిరిగొచ్చి, అడుగు తుప్పుపట్టిన డబ్బాలో పెంచుకున్న బంతిమొక్కకి నీళ్లు పోసి, పెందలాడే పడుకునేవాడు. నాన్న పుట్టుకతోనే అంత నిమ్మళమైన మనిషని ఇన్నాళ్లూ అనుకున్నాను. అలాంటి తండ్రికి ఇలాంటి కూతురేమిటని కూడా ఈ మధ్య చాలాసార్లు అనుకున్నాను.

ఇక అసలు సంగతికొస్తాను. పైన బాగున్నవాళ్లలో నన్ను చేర్చలేదని నువ్వీపాటికి కనిపెట్టే ఉంటావు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎందుకెత్తవని నిలదీశావు. ఎత్తలేకపోయాను అక్కా. ఫోన్ మోగితే చాలు, దాన్ని దిండు కిందకి తోసేసేదాన్ని. కొంతకాలం నేను పనికి వెళ్లలేదు.

అంబులెన్సు కావాలని ఫోన్ చేసేవాళ్లకి మొదట వినపడేది నా గొంతే. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే, కొత్తేం కాదు. ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన చేశాడు. భార్య వంటింట్లో పడిపోయింది, ఊపిరి ఆడటం లేదు. ఫోన్ నేలమీద పెట్టించి, ఆమె ఛాతీ మీద చేతులెలా వేయాలో చెప్పి, ఆయనతోపాటు నేనూ లెక్కపెడుతూ నొక్కిస్తున్నాను. బండి దారిలో ఉంది. మధ్యలో ఆయన, "అమ్మా, చేతులు పడిపోతున్నాయి. ఆపేస్తే తప్పవుతుందా?" అని అడిగాడు. "ఆపకండి బాబాయిగారూ, నేనిక్కడే ఉన్నాను" అన్నాను. ఆయన ఏడుస్తూనే నొక్కాడు. తర్వాత తలుపు చప్పుడు, మా వాళ్ల గొంతులు వినపడ్డాయి. లైను తెగిపోయింది.

ఆమె బతికిందో లేదో నాకు తెలియదు. మాకు ఎవరి సంగతీ చివరిదాకా తెలియదు. ఒక లైను తెగగానే ఇంకోటి వెలుగుతుంది. ఆ రోజు మిగతా ఫోన్లన్నీ మామూలుగానే ఎత్తాను. ఆ పెద్దాయన ప్రశ్న మాత్రం నాతో ఇంటికొచ్చేసింది. తింటున్నా అదే, పడుకున్నా అదే. ఒకరోజు చిట్టి ఏదో కూనిరాగం తీస్తూ బొమ్మ వేసుకుంటుంటే గట్టిగా కసిరాను. అది రెండు చేతులతో నోరు మూసుకుని నావైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. కొన్నాళ్లకి పనిలో లైను వెలిగింది, నోరు తెరిచాను, మాట రాలేదు. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. పక్క సీటమ్మాయి గబుక్కున ఆ లైను అందుకుంది. మా పై అధికారి వచ్చి నా చెవులమీది హెడ్‌సెట్ తనే తీసి, ఇంటికి పంపించింది.

డాక్టరు దగ్గరికి మీ మరిది తీసుకెళ్లాడు. ఆ డాక్టరు వారం వారం ఒక కౌన్సెలర్‌తో మాట్లాడమన్నాడు, మందుల సంగతి అవసరమైతే తర్వాత చూద్దామన్నాడు. ఆపైన పొద్దుటి ఎండలో నడవమనీ, వేళకి పడుకోమనీ, పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టమనీ, పని నుంచి రాగానే కాసేపు ఏమీ చేయకుండా కూర్చోమనీ, ఇంట్లోవాళ్లతో నాలుగు మంచిమాటలు చెప్పుకోమనీ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గుండెలో బండ పెట్టుకుని వెళ్తే నడవమంటాడేమిటని ఇంటికొచ్చి అమ్మ దగ్గర విసుక్కున్నాను.

అమ్మ దుప్పట్లు మడత పెడుతోంది. తలెత్తకుండానే, "మీ నాన్నకీ నేను అవే చెప్పాను" అంది.

నాకర్థం కాలేదు. నెమ్మదిగా కూర్చుని చెప్పింది. నాన్న బస్సుకి అడ్డంగా ఒక మనిషి హఠాత్తుగా పరుగెత్తుకొచ్చి, చక్రాల కింద పడి అక్కడికక్కడే పోయాడట. నాన్న తప్పు లేదని విచారణలో తేలింది. అయినా నాన్న గదిలోంచి బయటికి రాలేదు. స్టీరింగు మాట ఎత్తితే గోడవైపు తిరిగి పడుకునేవాడట. నేను అప్పటికి చంటిపిల్లని. అమ్మకి ఏం చేయాలో పాలుపోక, ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టిందట. "మాట్లాడక్కర్లేదు, నవ్వక్కర్లేదు. మెట్ల మీద కూర్చో, చాలు" అందట. తర్వాత గడియారాల దుకాణం దాకా నడిపించింది. ఆ డబ్బాలో మొక్క నాటించింది. భోజనాల దగ్గర నవ్వొచ్చిన సంగతి అడగడం కూడా ఆవిడ పెట్టిన పద్ధతే. మొదట్లో నాన్న దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదట. వెతగ్గా వెతగ్గా దొరకడం మొదలైందట.

"పనిలోకి వెళ్లాక మానేస్తాడనుకున్నాను. బతికున్నన్నాళ్లూ మానలేదు" అంది అమ్మ.

పుట్టుకతో వచ్చిందనుకున్న నిమ్మళం ఆయన రోజూ కూర్చుని కూడబెట్టుకున్నదన్నమాట.

మర్నాటినుంచి అమ్మతో నడక మొదలుపెట్టాను. ఆవిడ మోకాలికి నా దిగులు, నా దిగులుకి ఆవిడ మోకాలు జోడీ కుదిరాయి. కౌన్సెలర్ దగ్గర మొదట ఏడవడం తప్ప ఏం చేయలేదు. సాయంత్రాలు మా అపార్టుమెంటు మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడ పిచ్చుకలేమీ లేవు. వచ్చేపోయేవాళ్లు నన్ను దాటుకుని వెళ్లేవాళ్లు. పైఅంతస్తు ఆవిడ నేను తాళంచెవి పారేసుకున్నాననుకుని, తన ఇంట్లోకి రమ్మని ఒకటే బతిమాలింది. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్తే చిట్టి ఊడిన పళ్లు కనపడేలా నవ్వింది. చాలా రోజులకి నేనూ నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను. మీ మరిది లేచి నా కంచంలో ఇంకాస్త వడ్డించాడు. అన్ని రోజులూ అలా గడవలేదు. కొన్నిసార్లు మంచం దిగలేదు. అప్పుడు అమ్మ కిటికీ తెరలు తీసేసి, తన పని చేసుకునేది.

పోయిన సోమవారం పనిలోకి వెళ్లాను. పక్క సీటమ్మాయి కుర్చీ నా వైపు జరుపుకుని కూర్చుంది. లైను వెలిగింది. నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్న ఒక రంగులేసే ఆయన. "ఎక్కడున్నారో చెప్పండి, నేను వింటున్నాను" అన్నాను. మాట వచ్చింది. వణికింది, కానీ వచ్చింది. పెద్దాయన ప్రశ్న ఇంకా వెళ్లిపోలేదు. కాకపోతే ఇప్పుడు అన్నిటికీ ముందు అదే నిలబడటం లేదు.

ఇక చివరగా ఒక్క మాట. నిన్న నడకలో అమ్మని అడిగాను. "ఆ రోజుల్లో నాన్నని నువ్వు చూసుకున్నావు సరే, నీకెవరున్నారమ్మా?" అన్నాను. అమ్మ ఆగి, ఆయాసం తీర్చుకుని, "మీ అక్క" అంది.

నువ్వు రోజూ ఆవిడతో మేడ మీదకి వెళ్లి, బట్టలు ఆరేస్తుంటే పక్కన కూర్చునేదానివట. ఏమీ అడిగేదానివి కాదట. క్లిప్పులు ఒక్కొక్కటీ అందిస్తూ, ఏవేవో కథలు కల్పించి చెప్పేదానివట. దుప్పటి చాటున అమ్మ ఏడ్చినరోజు, చూడనట్టు అటు తిరిగి, కథ మాత్రం ఆపలేదట. అప్పుడు నీకిప్పటి మా చిట్టి అంత వయసు.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకీ సంగతి చెప్పలేదేం? అందరి క్షేమం అడిగి, అందరి మోకాళ్ల గురించీ పళ్ల గురించీ అడిగి, నీ ఉత్తరం చివర "నాకేంటో ఈ మధ్య దేనిమీదా మనసు నిలవడం లేదు, వయసేమో" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. మొదటిసారి చదివినప్పుడు నేనది దాటేశాను. ఇప్పుడు మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

నాకింకా కొన్ని సెలవులున్నాయి. నెలాఖరుకి అమ్మా నేనూ మీ ఇంటికి వస్తున్నాం. ఇల్లు సర్దాలనీ, వంటలు చేయాలనీ హైరానా పడకు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు కూడా. మేమొచ్చే రోజుకి ఉతికిన బట్టలు మాత్రం ఆరేయకుండా ఉంచు.

ఇట్లు,
క్లిప్పులు అందించడం ఇప్పుడే నేర్చుకుంటున్న
నీ చెల్లెలు