ఐదో ఇంకు

అమ్మాయికి,

బాబాయ్ ఆశీస్సులు. సగం ఇప్పుడు, మిగతా సగం పనయ్యాక.

ఫోన్లో చెప్పబోతే నాకు కోపం ముందొస్తుంది, మాట తరవాతొస్తుంది. అందుకే రాస్తున్నాను. మన ప్రెస్సులో తొమ్మిదేళ్ళుగా అచ్చవుతున్న బిస్కెట్ డబ్బా తెలుసుగా? ఆ కంపెనీకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. డబ్బా అచ్చుకి ముందు మనం చూపించే నమూనా, అదే ప్రూఫ్, కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. తరవాత తను తెచ్చిన బల్బు కింద పెట్టింది. ఒకటే కాగితం, రెండు రంగులు! "స్పెక్ట్రల్ డేటాతో ప్రూఫ్ ఇస్తేనే సంతకం. శుక్రవారం దాకా ఆగుతాను" అని వెళ్ళిపోయింది. అదేమిటో నాకు తెలిస్తే నీకెందుకు రాస్తాను?

నువ్వు ఆ రంగులు కొలిచే ఆఫీసులో చేరిన కొత్తలో వచ్చి మన మెషిన్‌కి చేసిపెట్టిన పాత ప్రొఫైల్ పంపుతున్నాను. దాన్ని ఏదో ఒకటి చెయ్యి. ఈ పని పోతే ప్రెస్సు మూతే.

నీ బాబాయ్.

తా.క.: మీ పిన్ని ఆ బల్బు మార్చేస్తే సరిపోతుందంటోంది. బల్బు వాళ్ళది.

---

బాబాయ్‌కి,

నమస్కారాలు. పూర్తిగానే, సగం కాదు.

కంగారు పడకు. ప్రొఫైల్ అంటే ఏ ఇంకు ఎంత పడితే కంటికి ఏ రంగు కనబడుతుందో రాసుకున్న పట్టిక. అది ఒక్క దీపం కింది సంగతే చెబుతుంది. స్పెక్ట్రల్ డేటా అంటే ఆ రంగు వెలుతురులో ఏ భాగాన్ని ఎంత మింగుతోందో, ఎంత తిప్పి పంపుతోందో అన్న లెక్క. అది చేతిలో ఉంటే ఏ బల్బు కింద ఎలా కనబడుతుందో ముందే చెప్పొచ్చు. మళ్ళీ రంగుల గళ్ళ షీటు అచ్చువేసి కొలవక్కర్లేదు. మీ నాలుగు ఇంకుల కొలతలూ కాగితం కొలతా కలిపి, పాత ప్రొఫైల్ నుంచే లెక్కగట్టొచ్చు.

లెక్కగట్టాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! అన్ని రంగులూ బుద్ధిగా ఉన్నాయి. అప్పుడు కొలిచిన షీటులో డబ్బా గోధుమరంగుకి దగ్గరున్న గళ్ళు ఆరు మాత్రం, మీ నాలుగు ఇంకులూ రాసిన పాళ్ళలో పడితే చచ్చినా రావు. ఆ రోజు ఆ షీటు మీద ఐదోది ఏదో పడింది. కొలిచింది నేను, కొలతకి వంక లేదు. మెషిన్ దగ్గర ఏం జరిగిందో అది నడిపే మేస్త్రిగారిని అడుగు.

మీ అమ్మాయి.

తా.క.: నెమ్మదిగా అడుగు.

---

అమ్మాయికి,

ఆశీస్సులు తరవాత. ముందు ఇది చదువు.

నెమ్మదిగానే అడిగాను. పక్క షాపువాళ్ళు ఎందుకు పరిగెత్తుకొచ్చారో తెలియదు.

ఐదో ఇంకు! ఇరవై ఆరేళ్ళుగా నా మెషిన్ నడుపుతున్న మనిషి! అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ డబ్బా అచ్చయ్యే ప్రతిసారీ నన్ను టీకి పంపేసి ఎంత ఇంకు పడాలో మార్చే మీటలు తిప్పుతుంటాడు. "ఏం కలుపుతున్నావయ్యా?" అన్నాను. మెషిన్ తుడుస్తూనే ఉన్నాడు. "తొమ్మిదేళ్ళ కింద ఆ షీటు మీద దొంగతనంగా ఏం పోశావ్?" అన్నాను. తెల్లబోయాడు.

"ఎవరు కనిపెట్టారు?" అన్నాడు.

"మా అమ్మాయి."

"అమ్మాయిగారా!" అన్నాడు. చేతులు తుడుచుకుని, ఏప్రన్ మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడు ఎందుకు వెళ్తాడు?

మెషిన్ ఆగి రెండు రోజులు. నేను నడపబోతే డబ్బా నీలంగా వచ్చింది.

నీ బాబాయ్.

తా.క.: మీ పిన్ని నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు.

---

బాబాయ్!

నమస్కారం గిమస్కారం తరవాత. ఎంత పని చేశావ్!

నేను "ఐదోది ఏదో" అన్నాను. ఇంకు అన్నానా? దొంగతనం అన్నానా? చిన్నప్పుడు నన్ను ఇంకు డబ్బా మీద కూర్చోబెట్టి రంగుల పేర్లు నేర్పింది ఆయనే. నా వల్ల ఆయన పని మానేశారంటే నాకు ముద్ద దిగడం లేదు.

లెక్క మళ్ళీ చూశాను. అది ఇంకు కాదు, తినేదో తాగేదో ఒలికిన మరకలా ఉంది. బీరువాలో అసలు షీటు ఉంటుంది, వెతుకు. ఈలోగా ప్రూఫులు రెండు పంపుతున్నాను. ఒకటి మరక రంగు లెక్కలో ఉంచి, ఒకటి మరక తీసేసి. ముందు మేస్త్రిగారింటికి వెళ్ళి క్షమించమని అడుగు.

అసలు పని చేసేచోట తిండేమిటి? ఎవరో గానీ దొరికితే నాలుగు దులిపేస్తాను.

మీ అమ్మాయి.

తా.క.: దొరికాక వాళ్ళని నాకు వదిలెయ్యి.

---

నాలుగు దులిపే అమ్మాయికి,

మిగతా సగం ఆశీస్సులు కూడా ఇందులోనే పంపుతున్నాను. నీకు అవసరం పడతాయి.

షీటు దొరికింది. గోధుమరంగు గళ్ళ మీద గుండ్రంగా కప్పు అడుగు మచ్చ. కాఫీ. పక్కనే "కప్పు తీశాక కొలవాలి" అని పెన్సిల్‌తో నీ రాత, కింద నీ సంతకం. మీ పిన్ని మౌనవ్రతం వదిలి పకపకా నవ్వింది.

షీటు పట్టుకుని మేస్త్రి ఇంటికి పరిగెత్తాను. అప్పుడు చెప్పాడు. నువ్వు కొలిచి వెళ్ళాక ఆ మచ్చ చూశాడట. "అమ్మాయిగారికి మొదటి ఉద్యోగం. తెలిస్తే తీసేస్తారేమోనని ఊరుకున్నాను. మీటలు నా చేతిలోవే కదా" అన్నాడు. ఆ మచ్చ కూడా కొలతల్లో పడింది కాబట్టి ప్రూఫు కాఫీ రంగులో వస్తుంది, మెషిన్ మీద లేతగా వస్తుంది. ఆ తేడా ఎవరి కంటా పడకుండా తొమ్మిదేళ్ళూ చేత్తో సరిదిద్దాడు. చివరికి కనిపెట్టింది నువ్వేనని విన్నాక, ఇంక ఏం చెప్పినా నీ మీదికే వస్తుందనుకున్నాడట. నీ పేరు చెప్పడం ఇష్టం లేక నా చేత దొంగ అనిపించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. కాళ్ళ మీద పడబోతే నడుం పట్టేసింది. ఆయనే లేపాడు.

శుక్రవారం ఏప్రన్ కట్టుకుని ఆయనే మేనేజరమ్మ ముందు నీ ప్రూఫులు రెండూ పరిచాడు. మరక లేనిది చూసి ఆవిడ అదిరిపడింది. "ఇదేం రంగు! మా డబ్బా ఇది కాదు!" అంది. మరకది తీసుకుని కిటికీ దగ్గరా బల్బు కిందా చూసింది. నువ్వు చెప్పినట్టే కనబడింది. సంతకం పెట్టేసింది. ఇక మీదట ఆ రంగులో రవ్వ తేడా రాకూడదట.

నువ్వొచ్చి కొత్త షీటు కొలవాలి. మేస్త్రి ఎదురుచూస్తున్నాడు. నిన్ను ఒక్క మాట అననని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు.

నీ బాబాయ్.

తా.క.: ఆ రోజు కాఫీలో పాలెన్ని, పంచదార ఎంత వేసుకున్నావో గుర్తు తెచ్చుకుని రా. సంతకం పెట్టిన రంగు అదే.