‘లేను’ దగ్గర ఆగిపోయాను

అమ్మా,

రేపు నాకు ఆపరేషన్. గొంతులో గడ్డ చిన్నదేనని హనుమకొండ దవాఖానలో డాక్టరు అన్నాడు గానీ, తీసి పరీక్షకు పంపేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

నేను సెలవులో ఉన్నప్పుడు మెయిల్ పంపినవాళ్లకు దానంతటదే జవాబు వెళ్లేలా ఇవాళ ఆఫీసులో కూర్చుని పెట్టాను. మాది చేనేత సంఘం కదా, అందరికీ తెలుగులోనే రాస్తాం. ‘నేను ఆఫీసులో లేను’ అని టైపు చేసి, ఆ ‘లేను’ దగ్గర ఆగిపోయాను.

చిన్నప్పుడు ఎవరైనా వచ్చి మీ బాపు ఉన్నడా అంటే, లేడనేదాన్ని. నువ్వు మగ్గం మీద నుంచే కసిరేదానివి.

“లేడు అనకు బిడ్డా. బయటికి పోయిండు, వస్తడు అను.”

పక్క సీటు రజిత తొంగి చూసింది. “ఏందక్కా, గా ఒక్క లైనుకు గింతసేపా?”

చెరిపేసి, ‘బయటికి వెళ్లాను, వస్తాను’ అని రాశాను. ఎప్పటివరకు అని కంప్యూటర్ అడిగితే కీబోర్డు రజిత వైపు జరిపాను. తేదీ రజితే వేసింది.

మొన్న నూలుకు రంగులు అమ్మే తాత, నీ సంగతి తెలియక, “మీ అమ్మ ఉన్నదా బిడ్డా?” అని గుమ్మంలో నిలబడ్డాడు. బయటికి పోయింది అన్నాను. వస్తది అనడానికి మాత్రం నోరు రాలేదు.

రేపు నా కోసం ఎవరు ఫోన్ చేసినా, ఆ రెండు మాటలూ చెప్పమని రజితకు మరీ మరీ చెప్పి వచ్చాను.